రెండో తరగతి అయ్యేసరికి పిల్లలకు అసలు ఏం రావాలి?

హనుమకొండ అమ్మ

అందరికీ నమస్కారం. మా పాప రెండో తరగతి, ప్రైవేటు స్కూలు. తెలుగు, ఇంగ్లిష్, హిందీ, లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం), జీకే, కంప్యూటర్. దేనికి దానికి పుస్తకం, నోటుబుక్కు, వర్క్‌బుక్కు. నోటుబుక్కులు తెరిస్తే కళ్లు చెదురుతాయి. 1 నుంచి 500 దాకా అంకెలు, వాటి స్పెల్లింగులు, 12 దాకా ఎక్కాలు, అన్నీ తప్పుల్లేకుండా రాసింది. కానీ మొన్న కిరాణా కొట్లో "32 రూపాయలైంది, 50 ఇచ్చినం, ఎంత తిరిగి రావాలె బిడ్డా?" అంటే నా మొహం చూసింది. తెలుగు పాఠం గడగడా చదువుతుంది. అదే పాఠంలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంది అంటే పైనుంచి మళ్లీ మొదలుపెట్టి, ఆ మాట వచ్చేదాకా చదువుకుంటూ వచ్చి అప్పుడు చెప్తుంది.

స్కూల్లో అడిగితే "సిలబస్ టైముకు నడుస్తోంది, ఏ గ్రేడే కదా మేడమ్" అన్నారు. నాకు కావాల్సింది గ్రేడు కాదు. రెండో తరగతి దాటేలోపు ఒక్కో సబ్జెక్టులో నిజంగా ఏం రావాలి? వచ్చిందో లేదో ఇంట్ల ఎట్ల తెలుసుకోవాలి? టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సిక్కోలు ఎస్జీటీ

మేడమ్, మీరు మాట మీద వేలు పెట్టి అడిగారు చూడండి, అదే అసలు పరీక్ష. పాప పాఠాన్ని చెవితో నేర్చుకుంది, ఇంకా కంటితో చదవడం లేదు. ఇది మీ ఇంట్లో ఒక్కచోటే లేదు, మా బడికి కొత్తగా వచ్చే పిల్లల్లో ఎక్కువమందిది ఇదే పరిస్థితి. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు చూసే అసర్ సర్వే 2024లో, దేశం మొత్తమ్మీద పల్లెల్లోని సర్కారు బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 ఉండేది, అక్కణ్నుంచి పెరిగి ఇక్కడికొచ్చింది.

అధికారికంగా ఏం రావాలో నిపుణ్ భారత్ పత్రాల్లో ఉంది. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం అది. ఒకటో తరగతి చివరికి, ముందెప్పుడూ చూడని పాఠంలో నాలుగైదు చిన్న మాటలున్న వాక్యాలు చదవాలి. 99 దాకా సంఖ్యలు చదవాలి, రాయాలి, చిన్న కూడికలు తీసివేతలు చేయాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. 999 దాకా సంఖ్యలు, 99 లోపు తీసివేతలు రావాలి. మూడో తరగతికి 9999 దాకా సంఖ్యలు, తేలిక గుణకారాలు. ఎంత చిన్న జాబితానో చూశారా? 12వ ఎక్కం ఇందులో ఎక్కడా లేదు.

ఆ నిమిషం లెక్కను మాత్రం తెలుగుకు ఉన్నదున్నట్టు పట్టుకోవద్దని నా మాట. "వెళ్లిపోతున్నారంట" అన్నది మనకు ఒకే మాట, పిల్లకు అది ఎక్కవలసిన మేడ. గడియారం పట్టుకుని కూర్చోకండి. "ముందెప్పుడూ చూడని" అన్న షరతును మాత్రం గట్టిగా పట్టుకోండి. మీరే తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి:

రాము మేకను మేతకు తోలాడు. మేక అవ్వ పెరట్లోకి పోయింది. చిక్కుడు పాదు తినేసింది. అవ్వ కర్ర తీసింది.

పాపను చదవమనండి. తరవాత మూడు ప్రశ్నలు. మేక ఏం తింది? అవ్వ కర్ర ఎందుకు తీసింది? తరవాత ఏం జరిగి ఉంటుంది? మొదటిదానికి జవాబు కాగితం మీద ఉంది. రెండోది రెండు వాక్యాలు కలుపుకుంటే వస్తుంది. మూడోది పాప బుర్రలోంచి రావాలి. మూడూ చెబితే తెలుగులో మీకు దిగులక్కర్లేదు. మొదటిది కూడా చెప్పలేకపోతే పాఠం పక్కన పెట్టి అక్షరాల దగ్గరికి వెళ్లాలి.

పాత పలక

ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. సిక్కోలు మాష్టారు చెప్పినదానికి కొనసాగింపు.

తెలుగులో పిల్లలు ఎక్కడ ఆగిపోతారో తల్లిదండ్రులకు కొంత తెలియాలి. వర్ణమాల మొత్తం వచ్చింది కదా, చదవడం ఎందుకు రాలేదంటారు. 56 అక్షరాలు వచ్చినంత మాత్రాన చదువు రాదు. ఒక్కో హల్లుకు తలకట్టు నుంచి గుణింతం ఉంది. ముప్పైకి పైగా హల్లులు, ఒక్కోదానికి డజను రూపాలు, నాలుగు వందలు దాటాయి. ఆపైన ఒత్తులు. అందులోనూ త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. పత్తి, అన్న, అమ్మ, చక్ర, పిల్లి చదవాలంటే పిల్ల ఆ గుర్తులను విడిగా, కొత్తగా నేర్చుకోవాలి. ఇదంతా ఒకటో తరగతిలో అయిపోయే పని కాదు, అవ్వాలని కూర్చోపెట్టడం అన్యాయం. ఒత్తులు కుదురుకోవడానికి మూడో తరగతి పట్టినా కంగారు పడవలసింది లేదు.

మన పాత వాచకం గుర్తు చేసుకోండి. అ అమ్మ, ఆ ఆవు, ఇ ఇల్లు, ఈ ఈగ, ఉ ఉడుత, ఊ ఊయల. మొదటి రోజు చెప్పే అమ్మలోనే ఒత్తు ఉంది. ఆవులో కొమ్ము, ఇల్లులో ఒత్తూ కొమ్మూ రెండూ. ఈ ఆరింటిలో గుణింతం గాని ఒత్తు గాని లేనివి ఈగ, ఊయల మాత్రమే. అంటే పిల్లవాడు బొమ్మ చూసి అమ్మ అంటున్నాడు తప్ప చదవడం లేదు. అందుకే నేను పలక, వల, తల, జడ, పడవ, గడప, అరక ఇలాంటి తలకట్టు మాటలతో మొదలుపెట్టేవాణ్ని. ఐదారు అక్షరాలు రాగానే వాటితో వచ్చే మాటలన్నీ పిల్లలే కూర్చుకునేవారు. అర్థంలేని మాట పుట్టినా నవ్వుకుంటూ చదివేవారు, అదీ చదువే. తరవాత ఒక్కో గుణింత గుర్తు. ఒత్తులు చివర.

హనుమకొండ అమ్మగారూ, మీ పాపను "క, కా, కి, కీ" వరసగా చెప్పమనకండి, అది కూడా పాటే అయిపోయి ఉంటుంది. కె, పొ, మీ, తౌ, గు అని కలగాపులగంగా చీటీల మీద రాసి ఒక్కోటి చూపండి. ఎక్కడ తడబడుతుందో అదే మీరు మొదలుపెట్టవలసిన చోటు. ఎక్కువమంది ఎ-ఏ, ఒ-ఓ గుణింతాల దగ్గరే తడబడతారు.

గుంటూరు నాన్న

అందరూ బట్టీని తిడుతున్నారు గనక చెప్తున్నా. మా నాన్న మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పించుకునేవాడు. వేమన పద్యాలు, శతకాలు కంఠతా పట్టించేవాడు. ఆ ఎక్కాలతోనే ఇవాళ వ్యాపారం చేస్తున్నా, కాలిక్యులేటర్ తియ్యను. మా అబ్బాయి ఒకటో తరగతి. వాళ్ల టీచరు "ఎక్కాలు ఇప్పుడొద్దు, పుల్లలతో ఆడుకోనివ్వండి" అంటోంది. ఫీజు కట్టేది పుల్లలతో ఆడుకోడానికా అండీ?

సిక్కోలు ఎస్జీటీ

గుంటూరు సర్, ఆ టీచరుగారిని వదులుకోకండి.

పద్యాల విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తా. ఆరేళ్ల పిల్లకు పద్యం, గేయం, పొడుపుకథ ఎంత ఎక్కువ నోటికి వస్తే అంత మంచిది, మాటల సంపద అక్కడే పెరుగుతుంది. ఎక్కాలు కూడా కావాలి. కాకపోతే వాటికి ముందు జరగాల్సిన పని ఒకటుంది.

మా తరగతిలో చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. పది పుల్లలైతే కట్ట. 43 అంటే నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. ఇప్పుడు 17 తీసెయ్యమంటాను. పిల్ల ఒక కట్ట పక్కన పెడుతుంది. ఇంకా ఏడు తీయాలి, మూడే ఉన్నాయి. కాసేపు చూస్తుంది. నేను ఏమీ అనను. చివరికి ఒక కట్ట రబ్బరు బ్యాండు తనే విప్పుతుంది. ఆ విప్పడం చేతితో చేసిన పిల్ల తరవాత కాగితం మీద తీసివేతలో పైనున్న 4 కొట్టేసి 3 ఎందుకు వేస్తున్నామో మర్చిపోదు. విప్పని పిల్ల 43లోంచి 17 తీసెయ్యమంటే 34 వేస్తుంది, ఎందుకంటే ఒకట్ల దగ్గర చిన్న అంకెను పెద్ద అంకెలోంచి తీసేస్తుంది. నా దగ్గరికి వచ్చే మూడో తరగతి పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువ కనబడే తప్పు అదే.

ఇంకోటి. నూట ఐదు రాయమంటే 1005 రాస్తారు. విన్నదాన్ని విన్నట్టు, నూరు రాసి పక్కన ఐదు. 500 దాకా వరసగా రాసిన నోటుబుక్కులో ఈ తప్పు కనబడదు, ఎందుకంటే పిల్ల పైగడిలో అంకె చూసి కిందగడిలో వేసుకుంటూ పోతుంది. వరస చెడగొట్టి 105, 150, 510, 501 రాయమనండి, అప్పుడు బయటపడుతుంది. రాసినవాటిలో ఏది పెద్దది, ఎందుకు అని కూడా అడగండి.

హనుమకొండ మేడమ్, మీ 50, 32 లెక్క పాపకు తీసివేతగా చెప్పకండి. కొట్టు యజమాని చిల్లర లెక్కపెట్టినట్టు చెప్పండి. 32 నుంచి 40కి ఎనిమిది, 40 నుంచి 50కి పది. పద్దెనిమిది. నిజం నాణేలు, నోట్లు చేతిలో పెట్టి చెప్పండి.

ఫ్రీమాంట్ నాన్న

కాలిఫోర్నియా నుంచి. మా బాబు ఇక్కడ సెకండ్ గ్రేడ్. ఏ తరగతికి ఏం రావాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాలే ఈ రాష్ట్రం వాడుతుంది. మీ చర్చ చూస్తుంటే రెండు చోట్లా ఒకే విషయం దగ్గరికి వస్తున్నారనిపించింది.

ఇక్కడ ఫస్ట్ గ్రేడ్‌లో 120 దాకా లెక్కపెట్టడం, 20 లోపు కూడికలు తీసివేతలు. సెకండ్ గ్రేడ్‌లో 1000 దాకా సంఖ్యలు, వందలు పదులు ఒకట్లు, 100 లోపు కూడికలు తీసివేతలు తడుముకోకుండా చేయడం, గడియారంలో ఐదైదు నిమిషాల లెక్కన టైము చెప్పడం, డబ్బు లెక్క, స్కేలుతో పొడవు కొలవడం. ఎక్కాలు థర్డ్ గ్రేడ్‌కి గాని రావు. మొదట నాకూ మందకొడిగా అనిపించేది. కానీ 8కి 5 కలపమంటే మావాడు "ఐదులోంచి రెండు ఎనిమిదికిస్తే పది, మిగిలింది మూడు, పదమూడు" అంటాడు. వేళ్లు లెక్కపెట్టడు. గుంటూరు అన్నగారూ, ఇది కూడా నోటిలెక్కే, మీ నాన్నగారు చూస్తే మెచ్చుకునేవారు.

సైన్సు రాతకంటే చేతలతో ఎక్కువ. ఈ ఏడు మొక్కలకు నీళ్లు, ఎండ రెండూ కావాలా అని తేల్చుకోవడానికి నాలుగు కప్పుల్లో గింజలు వేశారు. ఒకటి ఎండలో నీళ్లతో, ఒకటి ఎండలో నీళ్లు లేకుండా, ఒకటి అలమరలో నీళ్లతో, ఇంకోటి అలమరలో నీళ్లు లేకుండా. రోజూ బొమ్మ గీసి ఒక్క వాక్యం రాయాలి. అలమరలో నీళ్లు పోసిన గింజ మొలిచి, తెల్లగా, పొడుగ్గా సాగేసరికి మావాడు ఇంటికొచ్చి దాని గురించే మాట్లాడాడు. ఎండ లేకుండా ఎలా మొలిచింది నాన్నా అని. గింజలో దాచుకున్న తిండి సంగతి అప్పుడు చెప్పాను.

వారాంతాల్లో మనబడి అనే తెలుగు బడికి వెళ్తాడు. పాత పలక మాష్టారు చెప్పిన చీటీల పద్ధతి ఈ శనివారమే మొదలుపెడతాను.

ఒకటి బి క్లాస్ టీచర్

ప్రైవేటు స్కూల్లో పనిచేస్తాను కాబట్టి నా వైపు సంగతి కూడా వినండి. సెక్షన్‌లో నలభైమంది. నెలాఖరుకు నోటుబుక్కులు ఆఫీసుకు వెళ్తాయి, ఖాళీ పేజీ ఉంటే నన్ను పిలుస్తారు. పేరెంట్స్ మీటింగులో కూడా ఎక్కువమంది నోటుబుక్కే తిరగేస్తారు. పుల్లలతో గడిపిన పీరియడ్‌కు రుజువు ఏదీ మిగలదు. హనుమకొండ అమ్మగారిలాంటి ప్రశ్న పదిమంది తల్లిదండ్రులు అడిగితే నాకు ఎంత బలమో మాటల్లో చెప్పలేను. దయచేసి అడగండి.

కేంద్ర మానవ వనరుల శాఖ 2018లో రాష్ట్రాలకు పంపిన ఉత్తర్వులో ఒకటి, రెండు తరగతులకు భాష, లెక్కలు తప్ప వేరే సబ్జెక్టు పెట్టొద్దని, హోంవర్కు ఇవ్వొద్దని, బ్యాగు కిలోన్నర దాటొద్దని ఉంది. ఏడు సబ్జెక్టుల టైంటేబుల్ ముందు పెట్టుకుని ఆ కాగితం తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంగ్లిష్ గురించి ఎవరూ చెప్పలేదు. ఏ బీ సీ డీ పేర్లు వచ్చినంత మాత్రాన చదవడం రాదు. సీ ఏ టీ అని పేర్లు చదివితే క్యాట్ ఎక్కణ్నుంచి వస్తుంది? ప్రతి అక్షరానికి దాని ధ్వని రావాలి. ఒకటో తరగతిలో క్యాట్, పెన్, సిట్, సన్ లాంటి మూడు ధ్వనుల మాటలు కలుపుకుని చదవాలి. రెండులో షిప్, చిన్ లాంటివి, చివర ఇ చేరితే క్యాప్ కేప్ అవుతుందని, కిట్ కైట్ అవుతుందని. ద, సెడ్, వాజ్ వంటివి మాత్రం చూసి గుర్తుపట్టాలి, వాటికి లొంగే నియమం లేదు. బి, డి తారుమారు చేయడం ఈ వయసులో మామూలు. వీటికన్నా ముందు వినికిడి. ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లకు పుస్తకంలో మాట చదివినా అర్థం తట్టదు. రోజూ ఒక చిన్న బొమ్మల కథ పైకి చదివి వినిపించండి, తెలుగులో మాట్లాడుకుంటూనే. ఫిఫ్టీ, సిక్స్టీ స్పెల్లింగులు ఐదు వందల దాకా రాయించడం వల్ల ఇంగ్లిషూ రాదు, లెక్కలూ రావు.

హనుమకొండ అమ్మ

అందరికీ చాలా థాంక్స్. మేక కథ చదివించిన. మేక, రాము, అవ్వ చదివింది. "చిక్కుడు" దగ్గర, "కర్ర" దగ్గర ఆగింది. అవ్వ ఎందుకు కర్ర తీసిందంటే "మేకను కొట్టడానికి, చిక్కుడుకాయలు ఇంక కూరకు లేవు కదా" అన్నది. అంటే అర్థం చేసుకుంటోంది, ఒత్తుల దగ్గరే ఇబ్బంది అనుకోవచ్చా? ఈవీఎస్, జీకేల సంగతి ఏం చేయమంటారు?

సిక్కోలు ఎస్జీటీ

అనుకోవచ్చు మేడమ్, ఆ జవాబు బంగారం. క ఒత్తు, ర ఒత్తు పట్టుకోండి. చుక్క, పక్క, ముక్క, బుర్ర, గొర్రె. రెండు వారాలు ఇవే, కొత్తవి వద్దు.

ఈవీఎస్ మన రెండు రాష్ట్రాల సర్కారు బడుల్లో మూడో తరగతి నుంచే విడి సబ్జెక్టు. ఒకటి రెండులో అది తెలుగు పాఠంలో, లెక్కల్లో కలిసి ఉంటుంది. పెరట్లో పదిరకాల ఆకులు ఏరి, ఏ లెక్కన వేరు చేశావో చెప్పమంటే అదే సైన్సు. మన వీధిలో నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో కనుక్కుని చెప్పమంటే అదే సోషల్. దేశాల రాజధానుల జీకే గురించి ఈ రెండేళ్లు మర్చిపోండి.

తండా నుంచి

అన్నలూ, అక్కలూ, మాది మహబూబ్‌నగర్ వైపు తండా. మా బాబు సర్కారు బడిలో ఒకటో తరగతి. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్ ఉంది. ఇంట్లో మేం లంబాడీలోనే మాట్లాడుకుంటం. బాబు బడిలో నోరు తెరవడంట. సార్ మంచిగనే ఉంటడు, తొలిమెట్టు అని ఏదో చెప్పి రోజూ విడిగా కూర్చోబెట్టి చదివిస్తున్నడు. ఇంట్లో మేం కూడా తెలుగే మాట్లాడాల్నా?

పాత పలక

వద్దమ్మా, ఇంటి భాష ఆపకండి. మీ బాబుకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. లంబాడీలో అతను కథ చెప్పగలిగితే, ఎందుకు ఏమిటి అని అడగగలిగితే, ఆ శక్తి తెలుగులోకీ వస్తుంది. మీరు రాత్రిపూట లంబాడీలో కథలు చెప్పండి, పాటలు పాడండి, మేకలు, రొట్టెలు, మెట్లు అన్నీ లంబాడీలోనే లెక్కపెట్టించండి. పది అంటే ఏమిటో ఒక భాషలో తెలిస్తే చాలు, రెండో భాషలో పేరు మాత్రమే నేర్చుకోవాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కోయ, గోండి, లంబాడీ వంటి 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పాఠాలు మొదలుపెట్టింది ఇందుకే. పిల్ల తన భాషలో మొదలై తెలుగులోకి మెల్లగా నడవాలని. ఆ పని ప్రతి తండాకూ అందకపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మీ సార్‌ను ఒకటి అడగండి: బాబు జవాబు లంబాడీలో చెప్పినా ఒప్పుకుంటారా అని. తరగతిలో లంబాడీ, తెలుగు రెండూ వచ్చిన పెద్ద పిల్ల ఉంటే పక్కన కూర్చోబెట్టమనండి. నోరు తెరుస్తాడు.

గుంటూరు నాన్న

పుల్లలు కొనలేదు, కందిపుల్లలు విరిచి కట్టలు కట్టాం. మావాడికి 40 దాకా కట్టలు కట్టడం వచ్చింది, కట్ట విప్పడం ఇంకా నేర్పాలి. ఎక్కాలు ఎప్పుడు మొదలెట్టమంటారు మాష్టారూ? పూర్తిగా మానెయ్యడం నాకు ఇష్టం లేదు.

సిక్కోలు ఎస్జీటీ

మానెయ్యద్దు సర్. రెండో తరగతి సగం నుంచి రెండ్లు, ఐదులు, పదులు. ముందు జతలు పెట్టించండి: నాలుగు జతల చెప్పులంటే ఎన్ని చెప్పులు? నాలుగు చేతులకు ఎన్ని వేళ్లు? లెక్కపెట్టి చెప్పాక ఎక్కం చెప్పించండి, అరుగు మీద కూర్చోబెట్టే చెప్పించండి. మూడో తరగతిలో మిగతావి వాటంతటవే ఎక్కుతాయి.

హనుమకొండ అమ్మ

ఇంకొక్కటి అడుగుతా. పాప 3, 7 అప్పుడప్పుడు తిరగేసి రాస్తుంది. పక్కింటివాళ్లు ఇది జబ్బు, పెద్ద డాక్టరుకు చూపించమన్నరు.

ఒకటి బి క్లాస్ టీచర్

అక్కా, ఆరేడేళ్ల పిల్లలు అంకెలు తిరగేసి రాయడం చాలా మామూలు. ఒక్క దాన్నిబట్టి జబ్బు అనుకోవద్దు. ఎర్రపెన్నుతో కొట్టేయకుండా, ఇసుకలోనో పిండిలోనో వేలితో పెద్దగా రాయించండి, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చుక్క పెట్టి చూపండి. ఎనిమిదేళ్లు దాటాక కూడా తగ్గకపోతే, దానితోపాటు తెలిసిన చిన్న మాటలు కూడా ప్రతిసారీ కొత్తగా కూడబలుక్కుంటుంటే అప్పుడు పిల్లల డాక్టరును అడగండి. దానికంటే ముందు ఈ నెలలోనే కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు మీదిది కనపడక పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకునే పిల్లలు మా క్లాసులో ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ల నోటుబుక్కులో కూడా తప్పులుండవు.